రెండు శాతంపై ఎల్లేశం దండయాత్ర

ఓ మానేటి తీరవాసులారా, సాంచల సప్పుడుకు చెవులప్పగించి నిద్రించు సిరిసిల్ల పురజనులారా, చేతిలోని చాయ గ్లాసులు దింపి వినుడు. కత్తి పట్టని, కవచము తొడగని, ఏనుగు మాట దేవుడెరుగు కనీసము సైకిలైనను లేని ఒక మహావీరుడు, తన ఇంటిని తానే అమ్ముకొనుటకై, తన గుమ్మము ముందే, తన పెండ్లము చూచుచుండగనే చేసిన ఘోరసంగ్రామమును గానము చేయబోవుచున్నాను. ఇంటి పన్ను రసీదుపై కొలువుదీరిన లక్ష్మీదేవి నా నాలుకను నడిపించుగాక. కథ మధ్యలో కరెంటు పోకుండుగాక. ఈ రెండవ మొక్కు చెల్లదని నాకు ముందే తెలియును, అయినను మొక్కుట నా ధర్మము.

అది బట్టకు బేరము లేని కాలము. సగము షెడ్లకు తాళములు పడి, ఒకనాడు గుట్టలకొద్ది వస్త్రమును ప్రసవించిన సాంచలు పాత ఇనుము వాండ్ల త్రాసునెక్కి కిలోల లెక్కన ఊరికి వీడ్కోలు పలుకుచుండిన కాలము. సాంచ యనగా మరమగ్గము. జగిత్యాల, కోరుట్ల శ్రోతలకు ఇంతమాత్రము చెప్పక తప్పదు. రుద్రంగి మొదలుకొని ఎల్లారెడ్డిపేట దాక ఇంటికొక మగవాడు మస్కటుకో భివండికో తరలిపోగా, పెండ్లిపందిరి వేయుటకు పొడుగువాడొక్కడు దొరకని కాలము. అట్టి కాలమున సిరిసిల్లలో, ఇంకను ఊపిరి విడువని ఒకానొక సాంచల షెడ్డుకు గోడకు గోడ ఆనించి, రెండు గదులు, ఒక వంటిల్లు, పైన చదరపు డాబా గల ఇల్లొకటి నిలిచియుండెను.

ఆ ఇంటికి అధిపతి ఎల్లేశం. రుద్రంగి గీతకార్మిక వంశసంజాతుడు, తాళవృక్షారోహణమున తండ్రిని మించినవాడు, మస్కటు మరుభూమి నుండి ప్రాణములతో మరలివచ్చినవాడు. డ్రైవరు కొలువని చెప్పి విమానమెక్కించిన వీసా ఏజెంటు, దిగినాక చేతికి స్టీరింగు బదులు కర్ర నిచ్చి మేకల మందను చూపెను. నాటి నుండి ఏజెంటను మాట వినినంతనే మన వీరునికి ముక్కున మేకల కంపు తగులుచుండెను. పాపము, అందులో అతని తప్పేమియు లేదు.

ఇప్పుడు అతని ముందు రెండు దారులుండెను. మల్యాలలో జగిత్యాల రోడ్డు మీద, బస్సులు ఆగు చోట, ముందు దుకాణము వెనుక గది గల చిన్న ఇల్లొకటి అమ్మకమునకు వచ్చియుండెను. కొండగట్టు పోవు భక్తులకు అతడు కొబ్బరికాయలమ్మవచ్చును, ఇల్లాలు శాంత మిషను పెట్టుకొని జాకెట్లు కుట్టవచ్చును. ఆ ఇంటాయన నెలాఖరు దాటిన ఇంకొకరికి ఇచ్చెదనని తెగేసి చెప్పెను. మరొక దిక్కున మస్కటుకు రెండవ వీసా వచ్చి కూర్చుండెను. సిరిసిల్ల ఇల్లు అమ్ముడుపోయినచో మల్యాల, పోనిచో మస్కటు. శాంత నాటి నుండి కూరలో ఉప్పు వేయుట మరచిపోవుచుండెను.

అంతట మోటారుసైకిలు పొగల నడుమ ప్రత్యక్షమయ్యెను హన్మంతు. ఉభయపక్ష కమీషన్ భోజనుడు, ఫోన్‌ద్వయధారి, ఇస్త్రీ నలగని శ్వేతచొక్కాధరుడు, సిరిసిల్లలో ఏ ఇటుక ఎవరిదో ఎరిగిన సర్వజ్ఞుడు. అతడు గుమ్మము ముందు నిలిచి మేఘగంభీర స్వరమున నిట్లనెను: “ఓ గృహస్థశిఖామణీ, నావికుడు లేని నావ ఒడ్డు చేరదు, దళారి లేని ఇల్లు చేయి మారదు, కావున నీ గృహభారమును నా భుజములపై నుంచి నీవు నిశ్చింతగ నిద్రింపుము.” ఇది కవి వాక్కు. అతడు నిజముగ అనినది ఇంతే:

“ఎల్లేశన్నా, సాంచల పక్కపొంటి ఇల్లు నీతోని అమ్ముడువోదే. నాకిడిసిపెట్టు. నీ దిక్కు రెండు శాతం, కొనేటోని దిక్కు రెండు శాతం. గంతే.”

ఎల్లేశం కండ్లెర్రజేసెను. “నడుమ మనిషిని నమ్మి ఒక్కసారి మేకలు గాసిన. ఇల్లు నాది, నోరు నాది. నేనే అమ్ముకుంట.”

ప్రతిన పూనిన వెంటనే వీరుడు మిగిలిపోయిన నీలిరంగు డబ్బాను, జుట్టూడిన బ్రష్షును చేబూని గోడ నెదుర్కొనెను. “ఈ ఇల్లు అమ్మబడును” అని మొదటి వరుస దివ్యముగ కుదిరెను. రెండవ వరుసలో “ఏజెంట్లు రావద్దు” అని వ్రాయబూనగా, ఉత్సాహమున అక్షరములు గుమ్మడికాయలంత పెరిగి, “ఏజెంట్లు రా” వరకు వచ్చుసరికి గోడ అయిపోయెను. వీరులు వెనుదిరుగరు. “వద్దు” అను మాటను మూల తిరిగి అవతలి పక్క గోడ మీద వ్రాసెను. రోడ్డు మీద పోవువారికి మాత్రము “ఈ ఇల్లు అమ్మబడును, ఏజెంట్లు రా” అని స్పష్టముగ కనబడుచుండెను. హన్మంతు మరునాటి నుండి ఆ గోడ కిందనే బండి స్టాండు వేసి కూర్చుండెను. పొమ్మనగా, నువ్వే రమ్మని రాస్తివి గదనే అని గోడను చూపెను.

ఇక సమరము మొదలాయెను. జగిత్యాల నుండి ఒక బ్యాంకు ఉద్యోగి సతీసమేతముగ విచ్చేసెను. గోడకావల సాంచలు టకటకమని దండెత్తుచుండగా, ఆ సప్పుడును కప్పుటకై ఎల్లేశం టీవీలో భక్తిపాటలు పెంచెను, శాంత వట్టి మిక్సీని తిప్పెను. మూడు సప్పుళ్లు కలిసి ఇల్లంతయు జాతరయ్యెను. నీళ్ల బోరున్నదా అని ఆయన అరువగా, బోరు కొట్టదు సారూ మంచిగ పొద్దుపోతది అని ఎల్లేశం అరిచెను. ఆ దంపతులు చెవులు మూసికొని బస్టాండు దిక్కు పరుగిడిరి. తరువాత వచ్చినవారు గుమ్మము కూడ దాటలేదు, ఆటో దిగకయే పోయిరి.

అప్పుడు వీరుని బుద్ధిలో ఒక వ్యూహము మొలకెత్తెను. షెడ్డులో సాంచలు నడుపు చిన్నయ్య వద్దకు రుద్రంగి తాటికల్లు సీసాతో రాయబారము పోయెను. ఒప్పందము ఇది: కొనేవారు వచ్చినప్పుడు ఎల్లేశం డాబా మీద నిలిచి ఎర్ర తువ్వాల ఊపును, చిన్నయ్య సాంచలు ఆపును. వారు పోయినాక మరల ఊపును, మరల నడుపును. సీసా ఖాళీ చేసిన పిదప చిన్నయ్య ఇందులో అధర్మమేమియు లేదని తీర్పు చెప్పెను.

నెలాఖరు ముంచుకొచ్చిన ఒక మధ్యాహ్నమున, కోరుట్ల నుండి వచ్చిన ఆటో ఒకటి సందు మలుపు తిరిగెను. అందులో వహీదాబీ, ఆమె కొడుకు ఉబేద్. ఎల్లేశం డాబా మీద ధ్వజమువలె నిలిచి తువ్వాల విసిరెను. సాంచలు ఒక్క దెబ్బన ఆగెను. సందులో ఈగ వాలిన వినబడునంత నిశ్శబ్దమాయెను.

వహీదాబీ లోనికి వచ్చి, గదులు చూడలేదు, వంటిల్లు చూడలేదు, నల్లా తిప్పలేదు. నేరుగ షెడ్డు వైపు గోడ కడకు పోయి అరచేయి ఆనించి నిలిచెను. “సాంచ బందయిందా బేటా? మలుపుకాడ ఇన్న, ఇప్పుడేది?”

ఇదియే అదనని మన వీరుడు రొమ్ము విరిచెను. “సాంచలెక్కడియమ్మా, గా షెడ్డు మూతవడ్డది. ఇగ తెర్వరు. మీరు కంటినిండ నిద్రవోవచ్చు.”

ఆ మాటకు ముసలామె ముఖము వాడిపోయెను. ఆమె కథను ఉబేద్ చెప్పెను. భివండిలో సాంచల పైగదిలోనే ఆమె కాపురమంతయు గడిచినది. తండ్రి పోయినాక, మోటార్ల రిపేరు ఎక్కడైనను చేసికొనవచ్చునని ఉబేద్ తల్లిని తీసికొని కోరుట్లకు మరలివచ్చెను. అక్కడి నిశ్శబ్దములో ఆమెకు నిద్ర రాలేదు. డాక్టరు మాత్రలకు రాలేదు, దర్గా తాయెత్తుకు రాలేదు. సప్పుడు లేని ఇల్లు తనకు ఖబరస్తాను లెక్క ఉన్నదని ఆమె ఏడ్చెను. అందుకని సాంచల పక్క ఇల్లు వెదకుచు వచ్చిరి. సందు మలుపున సప్పుడు చెవిన బడగానే ఆమె, ఇదే మన ఇల్లు అనెనట.

ఎల్లేశం నిలువున నీరైపోయెను. చక్కగ కట్టిన వల వచ్చి తన కాళ్లకే చుట్టుకొనెను. గుమ్మము కడ నుండి ఇదంతయు వినిన హన్మంతు చొక్కా సవరించుకొని అడుగు ముందుకు వేసెను. “అమ్మా, నాకాడ ఇంకోటున్నది. రెండు షెడ్ల నడుమనే. బండెక్కుండ్రి, ఇప్పుడే సూపిస్త.”

ముసలామె కొంగు సర్దుకొని కదిలెను. కదులుచున్నది ఆమె కాదు, మల్యాల. గుమ్మము దాటి పోవుచున్నవి కొబ్బరికాయలు, కుట్టుమిషను, జగిత్యాల బస్సు. శాంత వంటింటి తలుపు పట్టుకొని మగని వంక చూచెను. ఆ చూపునకు మన వీరుని లోపల ఏదో తెగిపోయెను. ఏజెంటు తనకు డ్రైవరు కొలువని చెప్పిన దినము అతనికి గుర్తుకు వచ్చెను. నడుమ మనిషిని ఇంటికి రానీయనని గోడ మీద వ్రాసి, తన నోటిలోనే వానికి అరుగు వేసి కూర్చుండబెట్టితినని తెలిసి సిగ్గుపడెను.

“అబద్ధమాడిన అమ్మా,” అనెను. “సాంచలు నడుస్తున్నయ్. నేనే తువ్వాల ఊపి బంద్ వెట్టిచ్చిన. సప్పుడుకు ఎవ్వలు కొంటలేరని గిట్ల జేసిన.”

అయితే నడిపించుమని ఉబేద్ అడిగెను. ఎల్లేశం ఒక్క దూకున డాబా ఎక్కి, తువ్వాలను గాలిలో సుడులు తిప్పెను, నిలువున విసిరెను, అడ్డమున విసిరెను. గోడకావల నుండి చిన్నయ్య తల పైకి లేచెను. ఆ తల పలికిన పలుకు పిడుగువంటిది. “కరెంటు వోయిందే.”

శ్రోతలారా, నేను ముందే మొక్కితిని.

ఇప్పుడు నడుమ నిలిచినది వంటింటి నుండి వెలువడిన శాంత. పొయ్యి మీద చాయ పెట్టెను, పీట వేసెను, ముసలామెను చేయి పట్టి కూర్చుండబెట్టెను. హన్మంతు బండి స్టార్టు చేసి హారను మ్రోగించెను. శాంత చాయలో ఇంకొక చెంచా చక్కెర వేసెను. హారనుకు చక్కెరకు నడుమ ఆ యుద్ధము భీకరముగ సాగుచుండగా, ఒక పూట అబద్ధమాడిన వాండ్లను మరల నమ్ముటెట్లని వహీదాబీ గోడ వంక అనుమానముగ చూచెను. అప్పుడు శాంత ఆమె పక్కన నేల మీద కూర్చుండి మెల్లగ చెప్పెను.

“ఆయన మస్కట్ల ఉన్నన్ని రోజులు నాకు గీ సప్పుడే తోడున్నదమ్మా. అందరు అడుగుతరు, సప్పుడుల నిద్రెట్ల పడ్తదని. సప్పుడుకు మెలకువ రాదు. సప్పుడు ఆగితే మెలకువొస్తది.”

వహీదాబీ గ్లాసు కింద పెట్టి ఆమె ముఖము వంక చూచెను. ఈ మాట సాంచల పక్కన పండుకొన్నవారికి తప్ప ఇతరులకు తెలియదు. భివండిలో ఇరుగుపొరుగు ఆడవాండ్లందరు అనుకొను మాట అదే. ఆమె పీట మీద వెనుకకు జరిగి గోడకు వీపు ఆనించి, కరెంటు వచ్చెడి దాక కూర్చుండెదనని కొడుకుతో అనెను. హన్మంతు బండి ఆపెను.

ఎంతసేపు గడిచినదో ఎవరును చూడలేదు. చాయ రెండవ మారు మరగుచుండెను. వంటింటి బల్బు ఒక్కసారి మిణుకుమనెను. గోడకావల మొదట ఒక సాంచ దగ్గెను, పిదప రెండవది, ఆపై షెడ్డు షెడ్డంతయు ఒక్కుమ్మడిగ టకటకమని నోరు విప్పెను. గోడ సన్నగ వణికెను. వహీదాబీ తల గోడకు వాల్చి కండ్లు మూసికొనెను. ఉబేద్ వంగి చూచి, నోటికి వేలు అడ్డము పెట్టుకొనెను. తల్లి నిద్రపోవుచుండెను. కోరుట్లకు వచ్చినాక ఆమె పట్టపగలు ఇట్లు కునుకుట చూడలేదని చెప్పి, అతడు అంగీ చేతితో కండ్లు తుడుచుకొనెను.

బేరము ఆడవలసిన సమయమున కొనేవారు నిద్రించిరి. ఆమెను లేపుటకు ఎవరికిని చేతులు రాలేదు. ధర మాట ఉబేద్, ఎల్లేశం ఒకరి చెవిలో ఒకరు గుసగుసలతో తెంపుకొనిరి. సిరిసిల్ల చరిత్రలో గుసగుసలతో తెగిన బేరము అదొక్కటియే. ఆమె లేచిన పిదప కొంగుముడి విప్పి, బిస్మిల్లా అని బయానా పైకము శాంత చేతిలోనే పెట్టెను, మగవాండ్లకు ఇయ్యలేదు.

పెట్టి, ఆమె చేయి వదలక అడిగెను. “నీ సప్పుడు నేను తీస్కుంటున్న గద బిడ్డా. మరి నీకు గా మల్యాలల నిద్రెట్ల పడ్తది?”

శాంత మగని వంక చూచెను. చాన్నాళ్లకు ఆమె నవ్వెను. “ఆయన గురక సాంచకు తక్కువేం గాదమ్మా. ఇగ ఇంట్లనే ఉంటడు.”

అదే సమయమున ఎల్లేశం జేబులో ఫోను మ్రోగెను. వీసా ఏజెంటు, వస్తున్నావా లేదా అని గద్దించెను. గోడ మీద ఇరుకై మూల తిరిగిన మాట నోటిలో మాత్రము ఎక్కడను తిరగలేదు. “రాను,” అనెను మన వీరుడు. ఇంకొక మాట చెప్పక ఫోను పెట్టేసెను.

ఇక హన్మంతు. అతడు తన వంతు అడిగెను; ఏజెంట్లు రా అని గోడ మీద ఉన్నది గాన, వచ్చితిని గాన, కూర్చుంటిని గాన, ఏదో ఒకటి ముట్టవలెననెను. శాంత గిన్నె అడుగున మిగిలిన చాయను వడగట్టి అరగ్లాసు అందించెను. అతడు దానిని రెండు చేతుల పుచ్చుకొని, ఊది ఊది త్రాగి, ఇరుదిక్కుల కమీషన్ ముట్టిందని ఒప్పుకొనెను.

ఇట్లు మస్కటు మేకలను జయించిన మేటి, తాళవృక్షవిహారి, గోడ చాలని అక్షరముల కర్త యగు ఎల్లేశం, ఇరుదిక్కుల రెండు శాతముల దళారీ సేనను అరగ్లాసు చాయతో తిప్పికొట్టి, గృహవిక్రయ సంగ్రామమున అఖండ విజయము నందెను. విజయోత్సవము జరుపుకొనుటకు అతనికి ఓపిక లేకపోయెను. వహీదాబీ లేచిన చోటనే, అదే గోడకు వీపు వాల్చి, తువ్వాల ముఖము మీద కప్పుకొని, నోరు తెరిచి నిద్రలోనికి జారెను. గోడకావల చిన్నయ్య చెవి నిక్కించి, నడుచుచున్న సాంచలను ఒకమారు లెక్కబెట్టెను, మరియొకమారు లెక్కబెట్టెను, ఒకటి ఎక్కువ వచ్చుచుండెను.