గూలాష్ అనబడే మటన్ కూర

శనివారం పొద్దున్న పర్సిస్ వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. కాఫీ తాగాలి, బుడాపెస్ట్ నుంచి తెచ్చిన సూట్‌కేసులు విప్పాలి, ఆపైన జెర్సీ సిటీలో ఎవరు పిలిచినా పలక్కుండా పడుకోవాలి. కాఫీ సగంలో ఉండగానే ఫోన్ మోగింది. చర్చిలో భోజనాల ఏర్పాట్లన్నీ చూసే కరుణమ్మ ఆంటీ.

"వందనాలమ్మా! నువ్వు పెట్టిన ఫోటోలు చూశాను. ఆ డాన్యూబ్ నది, ఆ వంతెన, ఆ గూలాష్... అబ్బ! రేపు ఆరాధన అయ్యాక లంచ్‌కి ఆ గూలాష్ నువ్వే కుక్ చేసి తేవాలి."

ఫోటోలోని గూలాష్, అదే అక్కడివాళ్ళ మాంసం పులుసు, కాఫీకి వెళ్ళినచోట పక్క టేబుల్ వాళ్ళది. పగలంతా కోటలూ వంతెనలూ తిరిగి మొగుడూ పెళ్ళాలు తిన్నది, హోటల్ గదిలో చిన్న కుక్కర్‌తో వండుకున్న అన్నం, ఆవకాయ. ఆ సంగతి బయటపడితే పర్సిస్ చర్చిలో తల ఎత్తుకోలేదు.

"తప్పకుండా ఆంటీ," అంది.

"మటన్ పులుసులో చింతపండు మానెయ్. అదే గూలాష్," అన్నాడు భర్త నోయెల్, సోఫాలోంచి లేవకుండానే.

సాయంత్రం ఆంటీ మళ్ళీ ఫోన్ చేసింది. "మా ఆఫీస్‌లో ఇలోనా అని ఉందిలే, బుడాపెస్ట్ పిల్లే. నీ గూలాష్ కోసం తననీ ఇన్వైట్ చేశా!"

పర్సిస్ యూట్యూబ్ ముందు పెట్టుకుని వండింది. కానీ చెయ్యి ఊరుకోదుగా, అల్లం వెల్లుల్లీ గరం మసాలా దానంతటదే వేసేసింది.

ఆదివారం అందరూ చూస్తుండగా ఇలోనా ఒక స్పూన్ నోట్లో పెట్టుకుంది. కళ్ళు పెద్దవి చేసింది. "ఇది గూలాష్ కాదు," అంది ఇంగ్లీషులో.

ఇక దాచి లాభం లేదనుకుంది పర్సిస్. "సారీ ఆంటీ. అక్కడ మేం గూలాష్ ముట్టనే లేదు. రూమ్‌లో కుక్కర్ పెట్టుకుని ఆవకాయన్నం తిన్నాం."

అందరూ కరుణమ్మ ఆంటీ వైపు చూశారు. ఇలోనా ఒక్కతే ఈలోగా ఖాళీ చేసేసిన ప్లేట్ ముందుకు చాచింది. "గూలాష్ మా అమ్మ వారం వారం చేస్తుంది. నాకు ఇదే ఇంకొంచెం వెయ్యండి."

కరుణమ్మ ఆంటీ గొంతు తగ్గించింది. "మేం మాత్రం ప్యారిస్‌లో ఏం చేశామే? మీ అంకుల్ సూట్‌కేసులో సగం కందిపొడే."

"మేం రోమ్‌లోనూ అంతే," అంది వెనక నుంచి ఇంకెవరో. పర్సిస్‌కి ప్రాణం లేచొచ్చింది. నవ్వుతూ తనూ ప్లేట్ పట్టుకుని వాళ్ళ మధ్య కూర్చుంది.

ఆ చారిత్రక నగరం గురించి ఆ రోజు అందరూ అడిగి తెలుసుకున్నది ఒక్కటే, అక్కడి హోటల్ గదుల్లో కుక్కర్‌కి ఏ ప్లగ్ పడుతుందని.