దర్వాజకు తల తాకించే వీధి

ఆ పొద్దున అమృతమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. ఎండ ముదరకముందే చింతపండు కొట్టి, గింజలు తీసి, కుండలో అదిమి పెట్టుకోవాలి. చింతపండు ముందు కూర్చున్నాక మధ్యలో లేవడం ఆమెకు నచ్చదు. చేతులు జిగటగా ఉంటే జారిన కొంగు కూడా సర్దుకోలేం. అందుకే వంట ముందే ముగించి, నడింట్లో గోనెసంచి పరుచుకుని, దర్వాజ వైపు ముఖం పెట్టి కూర్చుంది.

రేపు వస్తానన్న మనీష సరిగ్గా అప్పుడే వచ్చింది. మిర్యాలగూడ పిల్ల. హైదరాబాదులో మానవశాస్త్రం చదువుతోంది. ఇంటికి వచ్చినవాళ్లను పల్లెల్లో ఎలా ఆదరిస్తారో తెలుసుకుని పుస్తకం రాయాలట. అందుకోసం అచ్చంపేట దాటి, అడవి మొదలయ్యే దగ్గర ఉన్న ఈ ఊరిని ఎంచుకుని, అమృతమ్మ ఇంట్లో ఒక గది కిరాయికి మాట్లాడుకుంది.

పాతకాలపు రాతి ఇల్లు అది. దర్వాజ పొట్టిది, మనీష పొడగరి. వీపున సంచి, చేతిలో పెట్టె, ముఖం నిండా నవ్వుతో లోపలికి రాబోయిన పిల్ల నుదురు దర్వాజ పైచెక్కకు గట్టిగా తగిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పెట్టె కింద పడేసి, రెండు చేతులతో చెక్కను పట్టుకుని, నుదురు దానికే ఆనించి నొప్పి తగ్గేదాకా అలాగే నిలబడింది.

అమృతమ్మ అత్త బతికి ఉన్నన్నాళ్లు కోడలికి ఒక సంగతి గట్టిగా నేర్పింది. ఇంటికి వచ్చిన మనిషి మన ముందు సిగ్గుపడకూడదు. చుట్టం చేతిలోంచి మజ్జిగ గ్లాసు జారితే అత్త తన గ్లాసు కూడా జార్చేది. ఒకసారి పెళ్లివారిలో ఒకాయన పీటతో సహా వెనక్కి పడితే, అత్త కూడా పడి, వారం రోజులు నడుముకు కాపడం పెట్టుకుంది. ఆ శిక్షణలో పెరిగిన అమృతమ్మ చింతపండు చేతులతోనే లేచి వచ్చింది. పైచెక్కకు తల ఆనించబోతే అందలేదు. గడప ఎక్కితే అందుతుంది కానీ గడప తొక్కకూడదు. అందుకని పక్కచెక్కకు నుదురు తాకించి కాసేపు కళ్లు మూసుకుంది.

"మా దగ్గర గింతే బిడ్డా. దర్వాజకు తల తాకిచ్చినంకనే లోపలికొస్తం," అంది.

మనీష నొప్పి మరిచిపోయింది. జనాన్ని అడిగితే చెప్పేది ఒకటి, వాళ్లు చేసేది ఒకటి. కాబట్టి వాళ్లతో ఉండి, వాళ్లు తిన్నది తిని, వాళ్లు చేసింది చేసి తెలుసుకోవాలని వాళ్ల సారు ఎన్నోసార్లు చెప్పాడు. వచ్చీ రాగానే ఒక ఆచారం ఎదురుగా వచ్చి నుదుటికి తగిలిందని ఆమె సంబరపడింది. పెట్టె తీసుకుని బయటికి వెళ్లి, ఈసారి మెల్లగా తల తాకించి మళ్లీ లోపలికి వచ్చింది. అమృతమ్మ కూడా మళ్లీ తాకించక తప్పలేదు.

మధ్యాహ్నం ఎదురింటి తాహేరా పిలిస్తే ఇద్దరూ వెళ్లారు. మనీష అక్కడా దర్వాజ పైచెక్కకు నుదురు ఆనించింది. వెనకే అమృతమ్మ పక్కచెక్కకు ఆనించింది. చాయ్ కప్పులతో ఎదురొచ్చిన తాహేరా ఆగిపోయి అమృతమ్మ ముఖంలోకి చూసింది. అమృతమ్మ రెప్ప ఆర్పలేదు. ఇన్నేళ్ల పొరుగు. ఆ చూపు అర్థం కాకపోయినా దాని మాట తీసేయలేక తాహేరా కప్పులు పక్కన పెట్టి తానూ తల తాకించింది.

సాయంత్రం ఒంటరిగా దొరికినప్పుడు తాహేరా సంగతేమిటని అడిగింది. అమృతమ్మ పెద్దగా వివరం చెప్పలేదు. పిల్ల మంచిదనీ, ఆమె ఉన్నన్నాళ్లు జర తల తాకించమనీ మాత్రం అంది. తాహేరా దాన్ని ఏదో మొక్కు అనుకుంది. పిల్ల చదువు గట్టెక్కడానికి వీధిలో అందరూ కలిసి తీర్చాల్సిన మొక్కు అని తన ఇంటికి వచ్చిన ఆడవాళ్లకు చెప్పింది. ఒకరి చదువుకు అడ్డుపడ్డామన్న మాట ఎవరికి కావాలి? ఆ వారం గడవకముందే వీధిలో నుదుళ్లన్నీ దర్వాజలకు తగలడం మొదలైంది.

తాహేరా భర్త మెహమూద్ దర్జీ. పొడగరి మనీష నుదురు మీద బొప్పి చూసి జాలిపడ్డాడు. జాకెట్ల కత్తిరింపు ముక్కలు తీసుకుని, దూది కూర్చి, అరచేయంత మెత్త కుట్టి తన దర్వాజ పైచెక్కకు బిగించాడు. అది చూసిన పక్కింటివాళ్లు తమకూ కావాలన్నారు. పొట్టివాళ్లు పక్కచెక్కకు కూడా ఒకటి కుట్టమన్నారు. ఒకావిడ కూతురి పెళ్లిచీర అంచు మిగిలిందని తెచ్చి, దాంతో జరీ మెత్త కుట్టించుకుంది. ఆ తర్వాత ఉత్త గుడ్డ మెత్త ఉన్నవాళ్లకు కాస్త చిన్నతనం మొదలైంది.

ఇంతవరకు ఎవరికీ నష్టం లేదు. ఒకరోజు మనీష ఫోన్ మాట్లాడి వచ్చి దిగులుగా కూర్చుంది. కొత్త సంగతి ఏదీ దొరకకపోతే ఊరు వదిలి వచ్చేయమనీ, లైబ్రరీలో కూర్చుని వేరే పని చూసుకోమనీ వాళ్ల కమలాకర్ సారు మొదటి నుంచీ చెబుతున్నాడట. ఇప్పుడు దర్వాజ ఆచారం గురించి చెబితే నమ్మలేదట. స్వయంగా వచ్చి చూస్తానన్నాడట.

"ఆయన చూసి సరే అంటే ఇంకో ఏడాది మీ దగ్గర్నే ఉంటనమ్మా. కాదంటే ఆయనతోనే పోవాలె," అంది మనీష.

అమృతమ్మ ఇరకాటంలో పడింది. ఆ పిల్ల వచ్చాక ఇంట్లో మాటకు మాట దొరికింది, జొన్నరొట్టెకు తినే మనిషి దొరికింది. నిజం చెబితే పిల్ల పోతుంది. చెప్పకపోతే పిల్ల అబద్ధం రాసుకుని దాని కింద తన పేరు పెట్టుకుంటుంది. పొద్దున చెబుదామనుకుంటే మధ్యాహ్నం అయ్యేది. మధ్యాహ్నం చెబుదామని పోతే ఆ పిల్ల అంత సంతోషంగా ఎవరింటికో బయలుదేరి ఉండేది.

ఈలోగా పరశురాములు రంగంలోకి దిగాడు. బస్సు కండక్టరుగా పనిచేసి, రిటైరై ఇంటికి వచ్చినవాడు. ఏ సంగతైనా ఊళ్లో తనకంటే ముందు ఇంకొకరికి తెలియడం ఆయనకు గిట్టదు. ఈ ఆచారం ఎందుకు వచ్చిందని మనీష అడిగేసరికి, తెలియదనడం ఆయన వల్ల కాలేదు.

"ఎనకట అడివిల కెల్లి ఎలుగుబంట్లు వచ్చేటియి బిడ్డా," అని మొదలుపెట్టాడు. "కంబలి కప్పుకొని మనుషుల లెక్క నిలవడేటియి. చీకట్ల ఎవరో ఎట్ల తెలుస్తది? ఎలుగు తల వంచదు. తల వంచి దర్వాజకు తాకిచ్చినోడే మనిషి. గందుకే మా తాతలు దర్వాజలు గింత పొట్టిగ పెట్టిన్రు."

కంబళి సంగతి తనకే కొత్తగా అనిపించినా, చెబుతున్నకొద్దీ ఆయనకు గట్టిగా నమ్మకం కుదిరింది. మనీష ఆ రోజు భోజనం కూడా సరిగ్గా చేయలేదు. అడవికీ ఊరికీ మధ్య గీత ఈ దర్వాజేనని తనలో తానే అనుకుంటూ తిరిగింది. పైచెక్క వచ్చేవాళ్లదనీ, పక్కచెక్క ఇంటివాళ్లదనీ కూడా ఒక సిద్ధాంతం చేసింది. పొట్టివాళ్లకు పైచెక్క అందదన్న ముక్క చెప్పడానికి అమృతమ్మకు నోరు రాలేదు.

కమలాకర్ సారు వచ్చాడు. నెమ్మదైన మనిషి, మాట తక్కువ, కళ్లు మాత్రం ఊరుకునేవి కావు. వీధి వీధంతా తలస్నానాలు చేసి ఎదురుచూస్తోంది. సారు చూస్తున్నాడని ఒక్కొక్కరు అవసరం లేకపోయినా రెండు మూడుసార్లు బయటికి పోయి లోపలికి వచ్చారు. ఒక ఇంట్లో అత్తా కోడలూ ఒకేసారి రావడంతో ముందు ఎవరు తాకించాలన్న దాని మీద గొడవైంది. కోడలు పెద్దరికానికి మర్యాద ఇవ్వలేదని అత్త అలిగింది.

సారు అన్నీ చూశాడు. మెత్తలు తడిమి చూశాడు. పరశురాములు ఎలుగుబంటి కథ చెప్పాడు. ఈసారి ఎలుగు చేతిలో కర్ర కూడా ఉంది. ఆఖరుకు అందరూ అమృతమ్మ వాకిట్లో చేరారు. సారు ముఖం విప్పారింది. ఇది నిజమైతే అచ్చు వేయిస్తాననీ, దేశంలో ఎక్కడెక్కడి పండితులో చదువుతారనీ మనీషతో అన్నాడు. తర్వాత అమృతమ్మ వైపు తిరిగి, ఇంటి యజమానురాలిగా ఆమె కూడా ఒక మాట చెబితే బాగుంటుందన్నాడు.

అమృతమ్మకు అత్త గుర్తొచ్చింది. వచ్చిన మనిషి సిగ్గుపడకూడదు, నిజమే. కానీ ఈ పిల్ల ఇప్పుడు ఈ వాకిట్లో సిగ్గుపడటం మేలా, రేపు దేశం ముందు సిగ్గుపడటం మేలా? కొంగు చేతికి చుట్టుకుంది.

"సారూ, గిది ఆచారం గాదు," అంది. "పిల్ల వచ్చిననాడు దర్వాజ తాకి తల పగిలినంత పనైంది. సిగ్గుపడ్తదేమోనని నేను గూడ తాకిచ్చుకున్న. గంతే. పిల్లది తప్పు లేదు, నాదే. దాన్ని పంపకున్రి."

మనీష ముఖంలో నెత్తురు చుక్క లేదు. సారు ఆమె వైపు చూడలేదు, ఆమె సారు వైపు చూడలేదు.

ముందు దగ్గింది పరశురాములు.

"ఆమెకేం ఎర్క సారు," అన్నాడు నిదానంగా. "ఆమెది మా ఊరు గాదు. కొల్లాపూరు దిక్కు కెల్లి కోడలిగ వచ్చింది."

అమృతమ్మ నోరు తెరిచింది. నలభై ఏళ్లుగా ఆ వీధిలో ఎవరి పురుడుకైనా, ఎవరి చావుకైనా ముందు నిలబడిన మనిషి ఆమె.

"తాహేరా, నీకు నేనే కదనే చెప్పిన. జర తల తాకియ్యమని," అంది దిక్కు తోచక.

తాహేరా అబద్ధం చెప్పే మనిషి కాదు. "చెప్పినవక్కా, కాదంటలేను," అంది. "గని నేనీ ఊర్లనే పుట్టిన. మా అవ్వ గూడ లోపలికొచ్చేటప్పుడు దర్వాజ పట్టుకొని తల వంచేది. నువ్వు చెప్తే యాదికొచ్చింది, గంతే."

వాళ్ల అవ్వకు నడుము వంగిపోయి, దేన్నీ పట్టుకోకుండా నిలబడలేకపోయేదని అమృతమ్మకు తెలుసు. కానీ ఆ మాట అనే సందు దొరకలేదు. ఒక్కొక్కరికీ ఒక్కొక్క తాతో అవ్వో గుర్తొస్తున్నారు. జరీ మెత్త ఆవిడ, పక్క ఊళ్లో ఉన్న తన వియ్యపురాలు కూడా మెత్త కుట్టించుకుందనీ, అక్కడా ఇదే నడుస్తోందనీ చెప్పింది. అలిగిన అత్త, ఆచారమే కాకపోతే తన కోడలు చేసింది మర్యాద తక్కువ ఎలా అవుతుందని నిలదీసింది.

కమలాకర్ సారు రాతి అరుగు మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. చాలాసేపు నవ్వి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మనీషను దగ్గరికి పిలిచాడు.

"సంస్కృతి అంటే ఏంటని క్లాసులో చెప్పిన?" అని అడిగాడు.

మనీష పాఠం అప్పజెప్పింది. "పుట్టుకతో రాదు, ఒకళ్లను చూసి ఒకళ్లు నేర్చుకుంటరు. పదిమంది పంచుకుంటరు. తర్వాతోళ్లకు అందిస్తరు సార్."

"పాతదై ఉండాలని చెప్పిన్నా?"

"లేదు సార్."

"మరి? తాతల నాటి ఆచారాలు రాసినోళ్లు శానమంది ఉన్నరు. ఆచారం పుడుతుంటే పక్కన నిలబడి చూసింది నువ్వు ఒక్కదానివి. దెబ్బ తాకిన కాడ మొదలువెట్టు. ఎలుగుబంటి కంబలి కప్పుకునేదాకా రాయి. ఏడాది సాలకుంటే ఇంకో ఏడాది ఉండు."

మనీష అమృతమ్మను పట్టుకుని ఏడ్చినంత పని చేసింది. అమృతమ్మకు సగమే అర్థమైంది. పిల్ల ఉంటుందన్న సగం అర్థమైంది, అది చాలనుకుంది. పొయ్యి మీద రొట్టెల పెంక పెట్టడానికి లోపలికి నడిచింది.

వీధిలో అందరూ చూస్తుండగానే, దర్వాజకు తల తాకించకుండా లోపలికి వెళ్లింది. పరశురాములు సారు వైపు చూసి, తాను ముందే చెప్పలేదా అన్నట్టు చేతులు తిప్పాడు.

ఇప్పుడు ఆ ఆచారం చూడటానికి ఎవరు వచ్చినా వీధివాళ్లు ఇల్లిల్లూ తిప్పి చూపిస్తారు, అమృతమ్మ ఇల్లు ఒక్కటి తప్ప. ఆమెకు ఆ సంగతులు తెలియవట.