తొమ్మిది వోల్టుల సంతాపం

ఆ రోజు ఉదయం ఎలక్ట్రీషియన్ పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రం నాలుగింటికి కంపెనీ హాల్లో జరిగే సంతాప సభకు మైకు సిద్ధం చేయడం. నీళ్ళ పంపులు తయారుచేసే ఆ కంపెనీలో అతను ఇరవై రెండేళ్ళుగా కరెంటు పని చూస్తున్నాడు. ఎక్కడ ఏది ఆగినా "ముందు ఫ్యూజు చూడండి" అంటాడు కాబట్టి అందరూ అతన్ని ఫ్యూజు అనే పిలుస్తారు. ఎవరు పోయినా, ఎవరు రిటైరైనా మైకు అతనిదే. అతను కట్టిన మైకులో గరగర ఉండదు, కూత ఉండదు. కడిగిన గ్లాసులో నీళ్ళలా ఉంటుంది గొంతు.

ఈసారి పోయింది స్టోరు కీపరు. పదహారేళ్ళు ఇద్దరూ ఒకే బల్ల మీద మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నారు. కడుపులో నొప్పి, ఆస్పత్రిలో పరీక్షలు చేయించుకోవాలి, రెండు రోజులు సెలవు ఇవ్వండని స్టోరు కీపరు చీటీ పెట్టాడు. ఒకటి కాదు, మూడు చీటీలు. స్టాకు తనిఖీ ఉందని మేనేజరు మూడుసార్లూ కుదరదన్నాడు. తనిఖీ పూర్తయ్యేసరికి పరీక్షలతో పని లేకుండా పోయింది. ఈ సంగతి ఆఫీసులో గోడలకు కూడా తెలుసు. పైకి అన్నవాడు మాత్రం లేడు.

సభ కూడా మేనేజరు మనసుపడి పెట్టింది కాదు. ఎలక్ట్రీషియన్ నాలుగు రోజులు గది ముందు స్తంభంలా నిలబడితే, అడ్డు తొలగించుకోవడానికి ఒప్పుకున్నాడు.

"ఇరవై నిమిషాలు. నేనొక్కణ్ణే మాట్లాడతాను. మైకు ఏమాత్రం పేచీ పెట్టినా అక్కడితో ఆపేసి అందర్నీ పనిలోకి పంపేస్తా."

"పేచీ ఉండదు సార్. వాళ్ళావిడ వస్తోంది, అమ్మాయి కూడా. ఆ మనిషి గురించి ఇక్కడ నాలుగు మంచి మాటలు విని వెళ్తే చాలు. ఖాళీ చేతులతో పంపలేను సార్."

పదింటికి ఎలక్ట్రీషియన్ ఆంప్లిఫయరు దుమ్ము దులిపి, వైర్లు తగిలించి, మైకు మీద తట్టాడు. ఉలుకూ పలుకూ లేదు. ముందు ఫ్యూజు చూశాడు. అది బాగానే ఉంది. మూత విప్పితే మాడు వాసన గుప్పుమంది. మైకులోంచి వచ్చేది చీమ గొంతు. దాన్ని మనిషి గొంతుగా చేసే మొదటి మెట్టు లోపల మాడి బొగ్గయి కూర్చుంది. వెనకవైపు పాటల టేపు తగిలించే సాకెట్టు పనిచేస్తోంది గానీ, అందులో మైకు గుచ్చితే చీమ చీమగానే మిగిలింది. కొత్త సామాను రావాలంటే మూడు రోజులు.

సభ నాలుగింటికే. అప్పుడు గుర్తొచ్చింది, స్టోరు కీపరు డబ్బా. మూడు నెలల పాటు మధ్యాహ్నం పూట వాడు స్టోరు గదిలో సోల్డరింగు కడ్డీ పట్టుకుని దాని మీద వంగి కూర్చునేవాడు. "ఏంట్రా అది?" అని అడిగితే, "చిన్న శబ్దాన్ని పెద్దది చేసేదిరా. మా అమ్మాయికి" అన్నాడు. అందులో పెట్టడానికి పాత రేడియోలోంచి రెండు ట్రాన్సిస్టర్లు పీకి ఇచ్చింది కూడా తనే.

స్టోరు గదిలో వాడి కుర్చీకి స్వెట్టరు ఇంకా వేలాడుతూనే ఉంది. బల్ల సొరుగులో కళ్ళజోడు పెట్టె, దాని వెనక ఇనప డబ్బా. పైన చేత్తో తిప్పే రెండు మరలు, బొటనవేలంత లావు బటను ఒకటి, అటూ ఇటూ వైరు గుచ్చే రంధ్రాలు. విప్పి చూస్తే రెండు ట్రాన్సిస్టర్లు, గుప్పెడు చిల్లర సామాను, ఒక బ్యాటరీ. అతుకులు ముత్యాల్లా ఉన్నాయి. ఎలక్ట్రీషియన్‌కు ముచ్చటేసింది. 'పోయి కూడా నా పరువు కాపాడుతున్నావు కదరా' అనుకున్నాడు.

బ్యాటరీ సగం చచ్చి ఉంది. దాన్ని పీకి జేబులో వేసుకుని, తొమ్మిది వోల్టుల కొత్తది బిగించాడు. ఇటు మైకు, అటు ఆంప్లిఫయరు టేపు సాకెట్టు తగిలించి, మరలు రెండూ చివరంటా తిప్పాడు. పనివేళల్లో హాల్లోంచి చప్పుడు రాకూడదని మేనేజరు ఆజ్ఞ కాబట్టి స్పీకర్లు ఊడదీసి, మైకులో సన్నగా ఈల వేస్తూ మీటరు ముల్లు చూశాడు. ముల్లు ఎగిరి ఆ కొసన తగిలింది. అతని మొహం విప్పారింది. మీటరు ఎంత వచ్చిందో చెబుతుంది గానీ, ఏ అవతారంలో వచ్చిందో చెప్పదు. వేదిక మీద బల్లకు గుడ్డ నేలదాకా వేలాడుతుంది. ఎవరికీ కనబడకుండా డబ్బాను ఆ బల్ల కింద, సరిగ్గా మాట్లాడేవాళ్ళ కాళ్ళు వచ్చే చోట పెట్టాడు.

నాలుగయ్యేసరికి ముసురు పట్టింది. తడిసిన బూట్ల వాసనతో హాలు నిండింది. బల్ల మీద ఒక కొసన, ఏటవాలుగా స్టోరు కీపరు ఫొటో. గుర్తింపు కార్డులోది పెద్దది చేయించారు కాబట్టి ఏదో తప్పు చేసి దొరికిపోయినవాడిలా ఉన్నాడు. ముందు వరసలో భార్య, ఒళ్ళో చేతులు పెట్టుకుని. పక్కన కూతురు.

"ఒక నిమిషం మౌనం" అని క్యాషియరు ఉత్త గొంతుతోనే ప్రకటించాడు. అందరూ తలలు దించారు. ఎలక్ట్రీషియన్ వేదిక పక్క తెర వెనకనుంచి కరెంటు వేశాడు.

స్పీకర్లలోంచి ముందు బుస్సున శబ్దం వచ్చింది. తర్వాత ఆ బుసలోంచే, బావిలోంచి వచ్చినట్టు, ఎవరో పెద్దమనిషి అన్నాడు: "...రాగల ఇరవై నాలుగు గంటల్లో ఆకాశం మేఘావృతమై..."

ఎక్కడి రేడియోనో డబ్బా పట్టేసింది. ఎవరూ తలెత్తలేదు. పైఆఫీసు నుంచి ఎవరో సంతాప సందేశం పంపారనుకుని వెనక వరసలవాళ్ళు తలలు ఇంకాస్త దించారు.

కూతురు మాత్రం ఉలిక్కిపడి లేచి, చరచరా తెర వెనక్కి వచ్చింది.

"బాబాయ్, మైకుకి ఏం తగిలించారు?"

"మీ నాన్న చేసిన డబ్బానేనమ్మా. గొంతు పెంచేది."

"అయ్యో బాబాయ్! అది పెంచేది కాదు, చీల్చేది. ఫజ్ పెడల్. గిటారుకి పెట్టుకుని కాలితో తొక్కుతా. వైరు ఒకటి ఊడితే అతికించి తెస్తానని నాన్న తీసుకొచ్చాడు."

"పెంచేదనే అన్నాడే!"

"పెంచుతుంది. పెంచి పెంచి చోటు లేకుండా చేస్తుంది. తొమ్మిది వోల్టులంటే తొమ్మిదడుగుల గది అనుకోండి. మొదటి ట్రాన్సిస్టరు మనిషిని తొమ్మిదడుగులకి సాగదీస్తుంది. రెండోది ముప్పై అడుగులకి సాగదియ్యబోతుంది. గది పెరగదుగా! తల కప్పుకి కొట్టుకుని చదునైపోతుంది. గుండ్రంగా లేవాల్సిన అల తల తెగి బల్లలా బయటికొస్తుంది. ఆ తెగిందే మనకి గర్రుమని వినిపిస్తుంది."

"అది పాడైపోయిన ఆంప్లిఫయరు కదే తల్లీ! తలలు తెగకుండా చూడ్డానికే కదా నేను ఇన్నేళ్ళు ఈ కొలువు చేసింది!"

"మేం కావాలనే తెగ్గొడతాం. బ్యాటరీ మార్చలేదు కదా?"

"కొత్తది వేశా. లోపలిది సగం చచ్చింది."

"సగం చచ్చింది కావాలనే నాన్న పది బ్యాటరీల్లో ఏరి పెట్టాడు. దాంతో మెత్తగా తెగుతుంది. కొత్తదైతే కొడవలి పెట్టి కోసినట్టే."

కొత్త బ్యాటరీ వేసి మాట పడటం ఎలక్ట్రీషియన్ బతుకులో అదే మొదలు. "పీకేస్తే?" అన్నాడు.

"పీకేస్తే మాటే వినబడదు. మీ మేనేజరు ఆపేసి వెళ్ళిపోడూ? కుడివైపు మర మొత్తం వెనక్కి తిప్పండి. కాస్త మనిషి గొంతవుతుంది."

అప్పటికే మేనేజరు బల్ల వెనక నిలబడి కాగితం విప్పాడు. నిరుడు డ్రైవరు పోయినప్పుడు చదివిన కాగితమే అది. 'డ్రైవరు' అన్నచోట కొట్టేసి 'స్టోరు కీపరు' అని రాసుకున్నాడు.

"మన స్టోరు కీపరు ఇక లేరు" అన్నాడు, కరెంటు కోత గురించి చెప్పినట్టు. స్పీకర్లలోంచి మాత్రం, పేగులు తెగిన మనిషి పెట్టిన ఏడుపు బయటికొచ్చింది. హాలు నిర్ఘాంతపోయింది. వేదిక మీదికి వినిపించేది ఏదో రొద మాత్రమే. వాన అనుకుని మేనేజరు గొంతు పెంచాడు. పెంచినకొద్దీ తలలు ఇంకా తెగాయి.

"మైకు చెడిపోయినట్టుందయ్యా" అని క్యాషియరు గొణిగాడు.

"ఫ్యూజు కట్టిన మైకు ఇరవై రెండేళ్ళలో ఒక్కసారైనా గరగరలాడిందా సార్?" అన్నాడు అటెండరు, కళ్ళు తుడుచుకుంటూ. "గరగర మనిషిదే. లోపల ఇంత పెట్టుకున్నాడని మనకేం తెలుసు!"

మేనేజరుకు నిలబడి చదివేటప్పుడు కాలు ఆడించే అలవాటుంది. బూటు వెళ్ళి డబ్బా బటను మీద పడింది. ఒక తొక్కుకు డబ్బా ఆరిపోతుంది, ఇంకో తొక్కుకు వెలుగుతుంది. ఆరినప్పుడు చీమ, వెలిగినప్పుడు భోరు. "పదహారేళ్ళలో" భోరుమంది. "ఒక్క" వినబడలేదు. "ప్రమాదమైనా చేయకుండా" మళ్ళీ భోరు. స్టోరు గదిలో కూర్చునేవాడు ప్రమాదం ఎలా చేస్తాడని ఎవరూ అడగలేదు. పాపం, దుఃఖంలో ఏదో అంటున్నాడనుకున్నారు. మాట పెగలక ఆగి ఆగి ఏడుస్తున్నాడని వెనక వరసల్లో ముక్కులు చీదడం మొదలైంది. ఒకరు మంచినీళ్ళు తెచ్చి పెట్టారు. ఇంకొకరు ఫస్టెయిడ్ నర్సు కోసం పరుగెత్తారు. కాగితం చదివితే జనం ఇలా కరిగిపోవడం మేనేజరు ఎన్నడూ చూడలేదు. ఉత్సాహం వచ్చి, అయిపోయిన కాగితాన్ని మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు.

ఇక లాభం లేదని ఎలక్ట్రీషియన్ తెర పక్కనుంచి పాక్కుంటూ బల్ల కింద దూరాడు. చీకట్లో డబ్బా తడిమి, కుడివైపు మర మీద వేళ్ళు వేశాడు. సరిగ్గా అప్పుడే బూటు దిగింది. టక్కున బటనూ నొక్కుకుంది, రెండు వేళ్ళూ నలిగాయి. కేక వేయడానికి లేదు. పళ్ళు బిగబట్టి, నొప్పికి ఆగలేక రెండో చేత్తో మేనేజరు చీలమండ గట్టిగా పట్టేశాడు.

పైన మాట ఆగిపోయింది.

మేనేజరు కాలు లాక్కోబోయాడు. రాలేదు. బల్ల కొసన ఫొటోలోంచి స్టోరు కీపరు తననే చూస్తున్నాడు. మేనేజరు కాగితం వదిలేశాడు. ఎవరికీ వినబడకుండా, ఫొటోకే చెప్పుకున్నట్టు, సన్నగా మొదలెట్టాడు.

"వదులు... నేనే... మూడు చీటీలూ నేనే తొక్కిపెట్టాను. తనిఖీ వారం ఆగినా కొంపలు మునిగేవి కావు. నువ్వు నొప్పి అంటే పని ఎగ్గొట్టడానికనుకున్నా. నీకు సెలవు ఇచ్చుంటే... వదలవయ్యా, నీకు దణ్ణం పెడతా..."

బూటు తొక్కుకు డబ్బా ఆరిపోయి ఉంది. హాల్లోకి పోయింది చీమ గొంతే. ఇన్నాళ్ళూ ఎవరూ అనని మాటను ఆ మనిషి తన నోటితోనే అంటుంటే, విన్నవాడు బల్ల కింద బోర్లా పడుకున్న ఒక్కడే. మర తగ్గించి మనిషి గొంతు చేసేంత వ్యవధి లేదు. మాట అయిపోతోంది. ఎలక్ట్రీషియన్ నలిగిన వేళ్ళు బూటు కిందనుంచి లాక్కుని, పిడికిలి బిగించి బటను మీద ఒక్క గుద్దు గుద్దాడు.

డబ్బా వెలిగింది. కాలు ఇంకా వదలకపోవడంతో మేనేజరు, "నేనే... మూడు చీటీలూ..." అని మళ్ళీ మొదటినుంచి చెప్పుకున్నాడు. మేనేజరు ఒప్పుకోలంతా తలలు తెగి, గర్రుమంటూ, కిటికీ అద్దాలు అదిరేలా హాలంతా నిండింది. ఒక్క ముక్క ఎవరికీ బోధపడలేదు. అందరూ ఏడ్చారు. మేనేజరు కుర్చీలో కూలబడి నిజంగానే ఏడ్చాడు. నర్సు వచ్చి చేతికి బీపీ పట్టీ చుట్టింది. క్యాషియరు సభ ముగిసిందన్నాడు. ఒక్కొక్కరే వచ్చి మేనేజరు భుజం తట్టి, "మిమ్మల్ని ఇన్నాళ్ళూ అపార్థం చేసుకున్నాం సార్" అని చెప్పి వెళ్ళారు. ఆ మాట వింటున్నకొద్దీ బల్ల కింద ఎలక్ట్రీషియన్‌కు నేల నోరు తెరిస్తే బాగుండుననిపించింది. ఒక్క మాట వినిపించాలని గుద్దిన గుద్దు, ఆ మనిషికి మంచివాడన్న ముద్ర వేసి పెట్టింది.

చివరికి స్టోరు కీపరు భార్య వచ్చి నిలబడింది. మేనేజరు ముక్కు తుడుచుకుని, "ధైర్యంగా ఉండాలమ్మా" అన్నాడు.

"మూడు చీటీలు తొక్కిపెట్టానన్నారు" అంది ఆవిడ, నెమ్మదిగా. "మధ్యలో కొన్ని ముక్కలు పోయినా, సెలవు ఇచ్చుంటే అన్నదాకా విన్నాను."

మేనేజరు చుట్టూ చూశాడు. "ఎ... ఎవరికీ అర్థం కాలేదు కదమ్మా..."

"వాళ్ళకి కాలేదు. మా ఇంట్లో మూడు నెలలు రోజూ సాయంత్రం ఇదే గొంతు. డబ్బా పరీక్ష చెయ్యాలంటూ ఆయన దానికి మైకు తగిలించి, పక్కగదిలోంచి 'టీ పెట్టవే', 'తలుపెయ్యవే' అని దాంట్లోంచే అరిచేవాడు. నెత్తీ నోరూ బాదుకునేదాన్ని. దాంట్లోంచి మాటలు ఏరుకోవడం అలవాటైపోయింది." బల్ల మీద ఫొటో అందుకుంది. "చెప్పారు. నేను విన్నాను. క్షమించానని మాత్రం అనుకోకండి."

మేనేజరు నర్సు భుజం పట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. హాలు ఖాళీ అయ్యాక ఆవిడ వంగి బల్ల గుడ్డ ఎత్తింది.

"అన్నయ్యగారూ, ఇక రండి. డబ్బా అమ్మాయికి ఇవ్వాలి. ఆ పాత బ్యాటరీ పారెయ్యలేదు కదా?"

"లేదమ్మా, జేబులోనే ఉంది" అన్నాడు ఎలక్ట్రీషియన్, బయటికి పాకుతూ. వాచిన వేళ్ళతో మూత విప్పలేకపోతుంటే, కూతురు డబ్బా అందుకుని తనే బ్యాటరీ మార్చుకుంది.

ఆ తర్వాత ఆ కంపెనీలో ఎవరు సెలవు చీటీ పెట్టినా, మేనేజరు మొదట వంగి తన బల్ల కింద చూసుకుని, ఆపైన సంతకం పెట్టేవాడు.