మంత్రిగారు మోయగల సంచి

ఆదివారం చర్చి ఆరాధన కాగానే మా పేటలో ఆకలి రద్దవుతుందని మంత్రిగారు మైకులో ప్రకటించారు. ఇంతవరకు ఆకలికి ముహూర్తం పెట్టిన ప్రభుత్వం లేదు. ఆ భాగ్యం మాకే దక్కింది.

రద్దుకు కావలసిన సరుకు మాత్రం మా చర్చివాళ్లదే. బియ్యం, పప్పు, నూనె ఇంటింటా అడిగి తెచ్చి హాల్లో సంచులు కట్టాం. మాకో పద్ధతి ఉంది. లేనివాళ్ల ఇంటిముందు సంచి పెట్టి, తలుపు తట్టి, వెనక్కి చూడకుండా వచ్చేయాలి. తలుపు తెరిచి ఉంటే, మూసేదాకా సందు మలుపులో ఆగుతాం. తీసుకునేవాళ్ల ముఖం మేం చూడకూడదు.

అసలైతే శుక్రవారమే పంచేసేవాళ్లం. "మంత్రిగారి చెయ్యి పడందే ఒక్క సంచీ గడప దాటకూడదు" అని పీఏగారు హాలుకు తాళం వేయించారు. ఆకలిని అంత భద్రంగా కాపాడిన అధికారిని నేనెరగను.

నా పక్కవాటాలో మిషను కుట్టుకుంటూ కూతుర్ని పెంచుకునే అమ్మాయి ఉంది. "ఆదివారానికైనా సరుకు రాకపోతే చిన్నదాన్ని మా అక్క దగ్గరికి పంపేస్తా పెద్దమ్మా. సాయంత్రం బస్సుంది" అంది. బస్సు హారన్ అంటేనే నాకు పడదు. నేను ఎక్కించినవాళ్లలో తిరిగి దిగినవాళ్లు తక్కువ.

ఆదివారం పొద్దున్నే పీఏగారు తాళం తీయించి, రిహార్సల్‌కని ఓ సంచి ఎత్తబోయి కూలబడ్డారు.

"ఇంత బరువా! మంత్రిగారికి భుజం నొప్పమ్మా!"

"బరువు తగ్గిస్తే పప్పు తగ్గుతుందండీ" అంది పాస్టరమ్మ.

"ఫొటోలో పప్పెవరికి కనబడుతుంది? సంచి ఉబ్బుగా ఉంటే చాలు."

"అయితే దిండ్లు కుక్కమంటారా?"

"అదీ విజన్ అంటే! మిగతా సంచులు ఏం చేసుకుంటారో మీ ఇష్టం."

దిండ్లు మా ఇళ్లనుంచే వెళ్లాయి. ఇక లబ్ధిదారులు కావాలి. స్టేజీ ఎక్కి పేదగా నిలబడమంటే పేటలో ఒక్కరూ కదల్లేదు. పీఏగారు అధైర్యపడలేదు. పార్టీ కార్యకర్తల్నే పేదలుగా నియమించారు. మీటింగుల్లో ఈలలు వేసే ఈలబాబుకు ముందు వరస దక్కింది.

"మేకప్ కూడా అక్కర్లేదురా నీకు! వాచీ ఉంటే తీసెయ్."

"లేదు సార్."

"చెప్పులు?"

"అవీ లేవు సార్."

"శభాష్! క్యారెక్టర్‌లోకి అప్పుడే వెళ్లిపోయావే!"

మంత్రిగారు ఒంటిచేత్తో సంచి లేపగానే జనం నివ్వెరపోయారు. "ఈ బీదతమ్ముడి భారం ఇకనుంచి నాది!" అంటూ దాన్ని ఈలబాబు నెత్తిన పెట్టారు. ఈలబాబు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. యాక్టింగ్ బ్రహ్మాండంగా ఉందని పీఏగారు నా చెవిలో అన్నారు.

తర్వాత ప్రసంగం. మంత్రిగారి ప్రసంగమంటే మాకెంతో ఇష్టం, తొందరగా అయిపోదు. అది సాగినంతసేపూ హాలు వెనక తలుపునుంచి అసలు సంచులు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. ఒకటి నేనూ మోశాను. పక్కవాటా తలుపు మూసే ఉంది. తట్టి వచ్చేశాను.

సాయంత్రం బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. చిన్నది నా గోడమీద బొగ్గుతో ఏనుగును గీస్తోంది. నేను కోప్పడలేదు. ఇంకో ఏనుగుకు చోటు కూడా చూపించాను.

సోమవారం పేపర్లో ఫొటో వచ్చింది. "పేటలో ఆకలి నిల్: మంత్రి." హాలు మెట్లమీద కూర్చుని పాస్టరమ్మకు చదివి వినిపిస్తుంటే ఈలబాబు వచ్చాడు. చంకలో సంచి.

"పాస్టరమ్మగారూ, ఇందులో దిండుందండీ."

"స్టేజీ కోసం పెట్టిందేగా బాబూ."

"నాకు తెలీదండీ. మా ఆవిడ పొయ్యిమీద ఎసరు పెట్టి కూర్చుంది."

పాస్టరమ్మ అతని ముఖం చూడలేదు. నా చేతిలోని పేపర్ తీసుకుని మడతపెట్టింది.

"ఇంటికెళ్లు బాబూ" అంది. "వెళ్లి తలుపేసుకో."