జత లేని సూదికి సొరుగు లేదు

ఆదివారం పొద్దున బీరువాలోని మూడో సొరుగు, జత లేని స్వెటర్ సూదులకు ఇకపై చోటివ్వకూడదని తీర్మానించి, రెండో నంబరు లావు సూదిని బయట పెట్టేసింది. హైమవతి కాఫీ గ్లాసుతో గదిలోకి వచ్చేసరికి సూది గచ్చు మీద పడుకుని ఉంది. ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు. మల్కాజిగిరిలో సొరుగులు సంఘం పెట్టుకుని చాలా కాలమే అయింది. పక్కింటి వంటగదిలోనైతే గరిటెలను కూడా వాకబు చేసి గాని లోపలికి రానివ్వడం లేదు.

ఆ సూది జంట లోకల్ రైల్లో సీటు సందున జారిపోయింది. అందులో మిగిలిన సూది తప్పేముందని హైమవతి అడిగింది.

"తప్పుందని మేమన్నామా?" అంది పై సొరుగు. బ్యాంకు పాసుబుక్కులు తన దగ్గరే ఉంటాయి కనుక సంఘానికి అదే అధ్యక్షురాలు. "మంచి సూదే. కానీ పదిమంది ఉండే చోటు. ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో, ఎవరి ఉన్నితో తిరుగుతుందో మాకేం తెలుస్తుంది? ఫ్యామిలీలకే ఇస్తామమ్మా."

గుండ్రంగా అల్లే సూదికి ఏ ఇబ్బందీ రాలేదు. దాని రెండు కొనలకూ ఏళ్ళుగా పడదు. మధ్యలో ప్లాస్టిక్ తీగ ఉంది కాబట్టి అది ఆదర్శ దాంపత్యం కిందికి వచ్చింది. మేజోళ్ళు అల్లే పొట్టి సూదులు ఐదూ ఉమ్మడి కుటుంబం, వాటికి బిస్కెట్ల డబ్బా మొత్తం ఇచ్చేశారు. ఇక క్రోషా సూది పుట్టుకతోనే ఒంటరిది. అయితే అధ్యక్షురాలికి మేనల్లుడి వరస అవుతుందట, అందుకని ఎవరూ నోరు మెదపలేదు.

హైమవతిది తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం. సూదులనైనా నంబరు వారీగా, సన్నవి ముందు, లావువి వెనక సర్దితే గాని ఆమెకు తోచదు. మరో రోజైతే ఆ సూదిని పెన్నుల గ్లాసులో నిలబెట్టి ఊరుకునేదే. ఇంతలో కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు సులోచనమ్మ, సంగతి చెవిన పడి మెట్లెక్కి వచ్చింది. తీర్మానం విని సంబరపడింది.

"బీరువాకున్న తెలివి నాకు లేకపాయె. ఒక్కదానివని జాలిపడి వాటా ఇస్తి. ముందు ఆ సూది సంగతి తేలనీ బిడ్డా. దానికి చోటు లేదంటే ఇగ నీక్కూడ కష్టమే."

ఈ వాటా కోసం హైమవతి వేసవంతా గేటు గేటుకూ తిరిగింది. "సారేం చేస్తారు?" అన్న ప్రశ్న దగ్గరే ప్రతి గేటూ మూసుకుంది. మళ్ళీ అలా తిరగడమంటే ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని ఇల్లంతా వెతికితే, సూదితో మందం సరిపోయే పెన్సిల్ ఒకటి దొరికింది. రెంటినీ రబ్బరు బ్యాండుతో కట్టి సొరుగు ముందు పెట్టింది.

"వారేం చేస్తుంటారు?" అంది పై సొరుగు, ఎక్కడలేని మర్యాదతో.

"రాతపనండి. ఎక్కువగా క్యాంపుల్లో ఉంటారు."

"అల్లడం వచ్చా?"

"రాదండి."

"దానిదేముందిలే! పేరుకి మగదిక్కంటూ ఉంది, చాలు."

పెన్సిల్‌కు ముందు వరసలో చోటిచ్చారు, సూదిని దాని వెనక సర్దుకోమన్నారు. పెన్సిల్ ఒక్క వరస అల్లింది లేదు, పైగా తెల్ల ఉన్ని నిండా నల్ల మరకలు చేసింది. మరకల విషయంలో సంఘం సూదినే మందలించింది.

"సూదిది తేలింది. మరి నీదేంది?" అంది సులోచనమ్మ.

ఆ సాయంత్రమే హైమవతి ఫుట్‌పాత్ మీద తొమ్మిదో సైజు మగవాళ్ళ చెప్పులు కొని, అప్పుడే విప్పినట్టు గుమ్మం పక్కన కాస్త వంకరగా వదిలింది. సులోచనమ్మ వాటిని చూడగానే గొంతు తగ్గించింది.

"సారొచ్చిండా?"

"వచ్చారాంటీ."

"పండుకున్నడా? సరే సరే, లేపకు."

అప్పటినుంచి ఇబ్బంది లేదు. నీళ్ళ మోటారు చెడినా, మేడ మీద పందిరి వేయాలన్నా సారు మాటే అడుగుతున్నారు. గేటుకు ఏ రంగు వేద్దామంటే నీలం బాగుంటుందంది హైమవతి. సారునడిగి చెప్పమంది సులోచనమ్మ. హైమవతి లోపలికి వెళ్ళి, ఒక మగమనిషి ఆలోచించుకోవడానికి పట్టేంతసేపు ఆగి, బయటికి వచ్చి సారు కూడా నీలమే అన్నారని చెప్పింది.

"గట్ల చెప్పు! ఇగ నీలమే."

మొన్న ఆమెకు గులాబీ రంగు ఉన్ని కొనుక్కోవాలనిపించింది. పర్సు తీసుకుని గుమ్మం దాకా వచ్చి చెప్పుల ముందు ఆగింది. కాసేపు చూసింది. సారుకు ఇష్టం లేనట్టే ఉంది. సర్లే అనుకుని లోపలికి వెళ్ళి ఇద్దరికీ బియ్యం కడిగింది.