మూడో సిలిండర్

శనివారం పొద్దున ఎనిమిదింటికి వెర్నన్ లెక్క లాభంలోనే ఉంది. పోటీకి పెంచిన గుమ్మడికాయ తొమ్మిది వందల పౌండ్లు. నిన్ననే ఆరుగురు కలిసి పికప్‌లోకి ఎక్కించారు. సంతకు అరగంట దారి. తూకం పన్నెండింటికి మూసేస్తారు. మిగులు మూడున్నర గంటలు.

తాళం తిప్పగానే బండి చలిజ్వరం వచ్చినట్టు వణికింది. మిగులు అక్కడే కరగడం మొదలైంది.

లోపం పట్టే స్కానర్ తగిలిస్తే, ఇంజిన్‌లో మూడో సిలిండర్ సరిగా మండటం లేదని చూపింది. ఆ కాయను ఏప్రిల్ నుంచి పసిబిడ్డలా సాకింది భార్య లోర్నా. ఆమెకు చెప్పే ధైర్యం లేక, టొలీడోలో మెకానిక్‌గా ఉన్న బావమరిది డ్వేన్‌కు గుట్టుగా ఫోన్ చేశాడు.

"నిప్పురవ్వ పుట్టించే కాయిల్ ఉంటుంది చూడు బావా, మూడోదాన్ని ఒకటోదాని చోట పెట్టు, ఒకటోదాన్ని మూడో చోట. రోగం ఒకటికి మారితే కాయిల్‌దే తప్పు. మూడులోనే ఉంటే ఇంకేదో."

"మీ అక్కతో అనకు."

"నాకెందుకు బావా!"

వెర్నన్ కాయిళ్లు మార్చి, చేతులు కడుక్కోవడానికి లోపలికెళ్లాడు. తిరిగొచ్చి స్టార్ట్ చేస్తే స్కానర్‌లో తప్పుల అంకెలు మూడో సిలిండర్ దగ్గరే పెరుగుతున్నాయి. కాయిల్ నిర్దోషి. ప్లగ్ మార్చాడు. మూడే. ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు తారుమారు చేశాడు. మూడే. పదిన్నరకు డ్వేన్ ఫోన్‌లోనే తీర్పు చెప్పాడు: "ఇంజినే పోయింది బావా. విప్పాల్సిందే."

వెర్నన్ పెద్ద స్పానర్ అందుకున్నాడు. లోర్నా పరుగున వచ్చింది.

"ఆగు మహానుభావా! అది విప్పావంటే నా కాయ ఇక్కడే కుళ్లుతుంది. ఇంకేదైనా చూడు. కాయిల్ మాత్రం కాదు, అది పొద్దున నేనే చూశాను."

"నువ్వు చూడ్డమేంటి?"

"నువ్వు చేతులు కడుక్కుంటుంటే మూడోదీ ఒకటోదీ మార్చాను. బండి వణుకు విని ఫోన్ చేస్తే డ్వేనే చెప్పాడు. నీకు తెలిస్తే చిన్నబుచ్చుకుంటావని నోరు మెదపలేదు."

"అప్పటికే నేను మార్చేశానే!"

ఇద్దరూ ఇంజిన్ వంక చూశారు. రెండుసార్లు చోటు మారిన కాయిల్ పుట్టింట్లో హాయిగా కూర్చుని ఉంది.

"ఆ డ్వేన్ గాడు ఒక్క మాట అనొచ్చుగా!"

"అనొద్దని ఒట్టు వేయించుకున్నది మనమేగా. వాణ్ణి తిట్టకు, పద."

వెర్నన్ గడ్డి కోసే బండెక్కి, వీధి చివరి విడిభాగాల కొట్టు నుంచి కొత్త కాయిల్ తెచ్చాడు. పికప్ పిల్లిలా గురగురలాడింది. పన్నెండుకు నాలుగు నిమిషాలుండగా తూకం దగ్గర ఆగింది.

పేర్లు రాసే పెద్దమనిషి కళ్లజోడు సవరించుకున్నాడు. "కాయ ఒకటి, పేర్లు రెండు. లోర్నా పేరు వెర్నన్ రాయించాడు, వెర్నన్ పేరు లోర్నా రాయించింది. ఒకరికొకరు చెప్పుకోరా మీరు? ఇప్పుడు ఎవరిది కొట్టేయమంటారు?"

"నాది," అన్నారు ఇద్దరూ.

పెద్దమనిషికి ఆకలేస్తోంది. అదే బరువును రెండుచోట్లా రాసేశాడు.

ఆ ఏడు వాళ్ల గుమ్మడికాయకు రెండో బహుమతీ, మూడో బహుమతీ వచ్చాయి.