కరిగే సంచి, కరగని కమిటీ

కమిటీల ఆలస్యాన్ని తిట్టేవాళ్లను చూస్తే నాకు జాలి! ఆలస్యం అమృతాన్ని విషం చేస్తుందట. ఆ మాట అన్న పెద్దమనిషి ఏ ఫైలూ పెట్టి ఉండడు. కమిటీ ఆలస్యాన్ని మించిన శాస్త్ర పరికరం లోకంలో లేదు. సాక్ష్యం కావాలా? మా అక్క ఉంది.

అక్క శాస్త్రవేత్త. ఇరవై రెండేళ్లుగా పిండిపదార్థంతో ప్లాస్టిక్‌లాంటి సంచులు చేస్తోంది. తడి తగిలితే తొంభై రోజుల్లో కరిగిపోవడమే వాటి గొప్పతనం. ప్రమోషన్ వస్తే ఇంకో అయిదేళ్ల సర్వీసు, సొంత ల్యాబు. రాకపోతే త్వరలోనే రిటైర్మెంటు, పరిశోధనకు తాళం!

నియమం ప్రకారం నమూనా సంచిని ప్రమోషన్ ఫైలుకు జతచేసి కమిటీకి పంపింది. ఆ ఫైలు, నీరు కారే గోడ పక్క బీరువాలో పదకొండు నెలలు తపస్సు చేసింది. కమిటీ విప్పి చూసేసరికి లోపల గోధుమరంగు మరక!

"సంచి ఏదండీ?" అన్నాడు ఛైర్మన్.

"అదేనండీ సంచి! కరగాలనే కదా చేసింది?"

"కరిగిందని మీరంటున్నారు. అసలు ఉందని మేం చూశామా?"

'నమూనా లేదు' అని రాసుకున్నారు. నమూనా లేనిదే నమ్మరు మరి!

అక్క ఊరుకుంటుందా? ఈసారి సంచిని గాలి చొరబడని మామూలు ప్లాస్టిక్ కవర్లో సీలు చేసి పంపింది. ఎనిమిది నెలల తర్వాత అది పెళ్లికూతురిలా నిగనిగలాడుతూ బయటికొచ్చింది.

"చెక్కు చెదరలేదే!" అని ఛైర్మన్ పెదవి విరిచాడు. 'నమూనా కరుగుట లేదు' అని రాసుకున్నారు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి! గొయ్యి అయితే నయమే, అందులో వేస్తే సంచి కరిగేది. కానీ అక్కడ కమిటీ కూర్చోదే!

తిరిగి తిరిగి అక్క చెప్పులు అరిగాక, ఛైర్మన్ మనసు కరిగింది. ప్రమోషన్ మంజూరు!

"పర్యావరణానికి గౌరవంగా ఆర్డరు మీ సంచుల షీటు మీదే ప్రింటు తీయిద్దాం మేడమ్!"

"వద్దండీ బాబూ, కాగితం చాలు!"

వినయం అనుకుని చప్పట్లు కొట్టి, ఆ షీటు మీదే ప్రింటు తీశారు. కాగితం వృథా కాకూడదని నకలు కూడా ఉంచలేదు.

ఆ ఆర్డరు సంతకానికో గది, ముద్రకో గది, నమోదుకో గది తిరిగింది. అసలే వానాకాలం. నాలుగు నెలలకు గుమాస్తా కవరు తెచ్చాడు.

"కంగ్రాట్స్ మేడమ్! లోపల కాస్త... ముద్దముద్దగా ఉంది."

అక్క దాన్ని పట్టుకుని ఛైర్మన్ గదికి పరుగెత్తింది. ఆయన ముద్దను వేలితో నొక్కి చూసి, ఆనందంతో లేచి నిలబడ్డాడు.

"కరిగింది మేడమ్! మీ పరిశోధన అక్షరాలా నిజం! ఏదీ, ఆ ప్రమోషన్ ఆర్డరు ఇలా ఇవ్వండి, ల్యాబు తాళాలు ఇచ్చేస్తాను."

మొన్ననే అక్క రిటైర్మెంటు ఆర్డరు వచ్చింది. ఒక్క రోజు ఆలస్యం కాలేదు! పైగా ఎంత శ్రద్ధో, మందపాటి ప్లాస్టిక్‌తో ల్యామినేషన్ చేయించి మరీ ఇచ్చారు. నీళ్లలో నానబెట్టినా ఇంకో అయిదొందలేళ్లు ఉంటుంది.